మూడో కోట గంటమ్మది

మూడు కోటలనూ ఒకే రోజులో చూపించి, పొద్దు వాలేసరికి జనాన్ని మళ్ళీ ఊళ్ళో దించే బస్సు అది. ఏళ్ళ తరబడి ఆ బస్సులో కథ చెప్పిన గైడును అందరూ గంటమ్మ అనేవారు. ఆవిడ కంఠం అలాంటిది. దిగువన డ్రైవరు టీ తాగుతూ ఉంటే, పైన బురుజు మీద కథ ఎంతదాకా వచ్చిందో అతనికి అక్కడికే వినిపించేది. "ఇంకా శత్రువు గుడారాలు ఎత్తలేదు, ఇప్పుడప్పుడే దిగరు" అని ఇంకో టీ చెప్పేవాడు.

ఆ విద్య మేనత్త నుంచి వచ్చింది. మేనత్త కూడా గైడే. చిన్నప్పుడు సెలవుల్లో ఆమె కొంగు పట్టుకుని మెట్లెక్కిన పిల్ల, పెద్దయ్యాక ఆమె స్థానంలోనే చేరింది.

ఒక ఏడాది గొంతులో కాయ లేచింది. ఆపరేషను చేశారు. ప్రాణానికి ఢోకా లేదన్నారు గానీ ఆ కంఠం మాత్రం తిరిగి రాలేదు. ఎండుటాకుల మీద నడిచినట్టు ఒక గరగర మిగిలింది. భర్త దర్జీ, ముందుగదిలోనే ఆయన మిషను. ఆవిడ పెదవులు కదిలితే చాలు, ఆయన చక్రం మీద చెయ్యి వేసి ఆపేవాడు. ఒక్కనాడూ విసుక్కోలేదు. కానీ ఆ ఆపడమే ఆవిడకు ముల్లులా గుచ్చుకునేది.

కోలుకుని పనిలోకి వెళ్తే, బస్సు యజమాని కుర్చీ చూపించాడు. వయసులో ఆవిడకంటే చిన్నవాడు. బల్ల మీద నల్లటి స్పీకరు పెట్టె ఒకటి ఉంది.

"విను అక్కయ్యా, కొత్తగా రికార్డు చేయించాను. కత్తుల చప్పుడు, గుర్రాల సకిలింపు, అన్నీ ఉన్నాయి. ఇకమీదట కథ ఇదే చెబుతుంది. నువ్వు మనుషుల్ని ఎక్కించి, దించితే చాలు."

"మరి నా కథ?"

"గంట పగిలిపోయింది కదక్కయ్యా, ఏం చేస్తాం!" అని నవ్వాడు. మనసులో చెడ్డ ఉద్దేశం లేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నిలబడే ఆ రికార్డును ఆఖరిదాకా విన్నది.

ఆ మూడు కోటలనూ ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఏలారని కథ. శత్రువు దండెత్తి వస్తే పెద్దది భయపడి తలుపు తీసింది, రెండోది పెళ్ళి మాటకు మెత్తబడి తీసింది. చిన్నది గడియ వేసుకుంది. రోజూ పొద్దున్నే కింద నుంచి దూత "తలుపు తీస్తావా?" అని అరిచేవాడు. "తియ్యను" అని పైనుంచి జవాబు వచ్చేది. రికార్డులో ఆ చిన్నది చివరికి కెవ్వున అరిచి బురుజు మీద నుంచి దూకేసింది.

"ఈమెను ఎవరు దూకించారు?" అని అడిగింది గంటమ్మ.

"దూకితే జనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. లేకపోతే కథకు ముగింపేముంది?"

"మా మేనత్త చెప్పిన కథలో దూకలేదు. వానలు పట్టుకున్నాయి, వాళ్ళ గుడారాలు బురదలో కూరుకుపోయాయి, వాళ్ళే లేచిపోయారు."

"కథే కదా! ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడనప్పుడు చంపడం దేనికి?"

యజమాని మొహం చిట్లించాడు. "ఇష్టమైతే ఎక్కు, లేకపోతే ఇంట్లో విశ్రాంతి తీసుకో."

మర్నాడు ఆవిడ ఎక్కింది. మొదటి కోటలోనూ రెండో కోటలోనూ పెట్టె మోగింది. గుర్రాలు సకిలిస్తుంటే జనం ఫోటోలు తీసుకున్నారు. ఆవిడ మనుషుల్ని ఎక్కించి, దించింది. మూడో కోట బురుజు ఎక్కాక గాలి జోరుగా ఉంది. పెట్టెలో చిన్నది గోడ అంచుకు వచ్చింది. గంటమ్మ వంగి మీట నొక్కింది. పెట్టె ఆగిపోయింది.

"ఆమె దూకలేదు" అన్నది.

"ఏమంటున్నారు? వినపడట్లేదు!" వెనక నుంచి టోపీ పెట్టుకున్నాయన కేకేశాడు. "పెట్టె పెట్టండమ్మా, మీ గొంతు మాకేం అర్థం కావట్లేదు."

ఆవిడ చెవులు వేడెక్కాయి. మెట్లు దిగి పారిపోదామా అనిపించింది. దిగలేదు.

"అర్థం కావాలంటే దగ్గరికి రండి. గట్టిగా చెప్పలేను. చెప్పడం మాత్రం మానను."

మోకాళ్ళ నొప్పితో ఆఖరున ఎక్కిన ముసలావిడ ఒకామె, ఆయాసపడుతూ వచ్చి గంటమ్మ పక్కనే రాతి మీద కూలబడింది. "నాకు చెప్పు తల్లీ. ఇంత దూరం ఎక్కింది ఆ డబ్బా వినడానికా?" అన్నది. ఆమె వెంట కూతురు వచ్చింది. ఆ తర్వాత ఒక జంట. మెల్లగా గాలి తగలని గోడ వార జనం గుమిగూడారు, భుజం భుజం తగిలేలా. గొంతు పట్టేసినప్పుడల్లా ఆవిడ నీళ్ళు తాగింది. వాళ్ళు ఆగారు. టోపీ ఆయన మాత్రం దూరంగానే ఉండి, బస్సెక్కగానే యజమానికి ఫోను చేశాడు.

బస్సు దిగేసరికి యజమాని గుమ్మంలోనే ఉన్నాడు.

"పెట్టె ఆపమని నీకెవరు చెప్పారు? గొంతు లేదని తెలుసు కదా!"

"గొంతు పోయింది బాబూ, నోరు పోలేదు."

"రేపట్నుంచి రావద్దు."

"మీ బస్సులో రాను. కోటకు వస్తాను. కోట మీది కాదు కదా."

సంగతి విని భర్త మిషను మీద గుడ్డ కప్పాడు. "పద, రేపు నేనూ వస్తాను. ఒకరోజు కుట్టకపోతే కొంపలేం మునగవు" అన్నాడు.

మామూలు బస్సులో వెళ్ళి ఇద్దరూ మూడో కోట వాకిట్లో కూర్చున్నారు. "కథ వింటారా? దగ్గరికి రావాలి" అని ఆ రోజునుంచీ వచ్చినవాళ్ళనల్లా ఆవిడ అడిగేది. కొందరు నవ్వుకుని పోయారు. ఒక రోజైతే ఎవరూ ఆగలేదు. అయినా పొద్దున్నే ఆవిడ మళ్ళీ బయల్దేరింది. ఆగినవాళ్ళు మాత్రం చివరిదాకా కూర్చున్నారు. రాయి చల్లగా ఉందని ఎవరో అంటే, భర్త మిగిలిన గుడ్డపీలికలన్నీ కలిపి పెద్ద బొంత కుట్టి తెచ్చాడు. గొంతుకు విశ్రాంతి ఇమ్మన్న డాక్టరుతో, "నిద్రపోయేటప్పుడు ఇస్తున్నానుగా" అన్నది.

పైన పెట్టె మోగుతుంటే, బస్సు జనంలో కొందరు ముందే దిగొచ్చి బొంత మీద చేరడం మొదలైంది. ఆ మాట యజమాని చెవిన పడింది. ఒకనాడు డ్రైవరు కబురు తెచ్చాడు.

"వచ్చెయ్యమంటున్నాడు గంటమ్మా. మొదటి రెండూ పెట్టె చెబుతుందట, మూడోది నీదట."

"మూడూ నేనే చెబుతాను. పెట్టె బస్సులోనే ఉంటుంది. సరేనంటే వస్తాను, లేదంటే ఇక్కడ బాగానే ఉన్నాను. ఇదే చెప్పు."

"ఇలాగే చెప్పమంటావా? కాస్త మెత్తగా చెప్పనా?"

"ఇలాగే చెప్పు."

డ్రైవరు తల గోక్కుంటూ వెళ్ళాడు. యజమాని వారం బిగుసుకుని కూర్చుని, చివరికి సరే అన్నాడు.