ఆగిన చేప

మా చిన్నతనంలో వాగుకు కొత్తనీరు వచ్చిందంటే అమ్మ మమ్మల్ని ఒడ్డు దగ్గరికి పోనిచ్చేది కాదు... చేపలు ఎదురెక్కే రోజులవి. మనిషి అలికిడికి బెదిరి వెనక్కి తిరుగుతాయని ఆమె భయం.

కడుపులో జన, అంటే గుడ్ల గుత్తి, ఉన్న చేపను మేం సూడిచేప అనేవాళ్లం. గోదావరి నుంచి మా వాగులోకి మళ్లి, పైన అడవిలోకి పోయి గుడ్లు పెట్టేది. ఎక్కే చేపను పట్టకూడదు, దిగే చేపనే పట్టాలి... భద్రాచలం అడవి అంచున మా ఊళ్ల కట్టుబాటు అది.

రెండు వేల సంవత్సరం దాటాక మా ఊరికి పైన ఆనకట్ట కట్టారు.

ఆ మొదటి వానాకాలం చేపలన్నీ గోడ కింద కుప్పపడ్డాయి. వాలుగలు, జెల్లలు... ఎగిరి గోడకు కొట్టుకుని పడుతున్నాయి. ఊరంతా గంపలు, దోమతెరలు పట్టుకుని ఉరికింది. నాన్న కూడా గంప నింపుకొచ్చాడు.

"ఏందయ్యా గిది? ఎక్కే చేపలు గద!" అంది అమ్మ.

"యాడెక్కుతున్నయే? ఆగినయి. ఆగిన చేపను పట్టొద్దని మీ తాత చెప్పిండా?" నాన్న నవ్వాడు. "కారం జర ఎక్కువెయ్యి."

అమ్మ కత్తిపీట ముందు కూర్చుంది. ఒకటి కోసింది... జన. ఇంకొకటి... జన.

"ఒక్కటన్న ఉత్త కడుపుది లేదు. ఇయ్యన్ని మన గంపల్లకే వస్తే, పైకి పోయి గుడ్లు పెట్టేటియి ఏవి?"

ఆ కూర అమ్మ ముట్టలేదు. మర్నాడు నాన్న మళ్లీ గంప తీశాడు... అందరూ పోతున్నారు కదా.

కొన్నేళ్లకే కొత్తనీరు ఉత్త నీరైపోయింది.

నా భార్యది ఆనకట్టకు పైనున్న ఊరు. ఆనకట్ట కట్టిన ఆ మొదటి వానాకాలమంతా వాళ్ల నాన్న వల భుజాన వేసుకుని, దిగే చేపల కోసం బండ మీద కూర్చునేవాడట.

"ఎక్కితే గద దిగేది! మా చేపలన్నీ మీరే మింగిన్రు గదయ్యా" అనేది ఆమె. ఐసులో వచ్చిన చెరువు చేప వండినప్పుడల్లా అదే మాట. నేను తలవంచుకుని తినేవాణ్ని. ఆమె నవ్వేది.

పోయిన వానాకాలం ఆమె పోయింది.

మళ్లీ కొత్తనీరు వస్తోంది... ఆనకట్టలకు పైనున్న ఊళ్లవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ దాకా చివరిగా ఎక్కొచ్చిన చేప ఏదో రాయండి.

ఆమెను ఆ మాట అడగనేలేదు నేను.