ఎర్ర ద్వారం దగ్గర నా బూట్లు

జపాన్‌లో కూడా గుడి ద్వారం దగ్గరే చెప్పులు విడుస్తారని కొరాపుట్‌లోని మా ఫ్యాక్టరీ కాలనీలో అందరికీ చెప్పాను. అది నిజం కాదు. విడిచింది నేనొక్కడినే.

ఫ్యాక్టరీ వాళ్లు నన్నూ, నాతో పనిచేసే రాయగడ అప్పారావునూ శిక్షణకు అక్కడికి పంపారు. ఒక సెలవురోజు పాత గుడికి వెళ్లాం. ముందు తోరణంలా నిలబడ్డ ఎర్ర చెక్క ద్వారం ఉంది, దానికి తలుపులు లేవు. అలవాటుకొద్దీ దాని పక్కన బూట్లు విడిచి, చల్లటి కంకర మీద నడిచాను.

“ఒరే, ఎనక్కి సూడు! ఎవులో అవ్వ నీ బూట్లొట్టుకొని పరిగెట్టుకొస్తంది!” అన్నాడు అప్పారావు.

మా అమ్మకంటే పెద్దావిడ. నేను మరిచిపోయాననుకుందేమో, బూట్లను గుండెకు హత్తుకుని తెచ్చింది. నా ముందు కూర్చుని, కాళ్లు దూర్చి నేరుగా నడిచిపోయేలా వాటిని గుడివైపు తిప్పి పెట్టింది. సిగ్గుతో ఆమె కాళ్లకు దండం పెట్టబోయాను. ఆమె నాకంటే కిందికి వంగింది. నేను మళ్లీ వంగాను, ఆమె కూడా మళ్లీ వంగింది.

“ఇక సాల్రా, సీకటడిపోద్ది!” అని అప్పారావు నవ్వాడు.

పెద్దావిడ చేత బూట్లు మోయించానని చెప్పుకోలేక, అక్కడ అందరూ అలాగే విడుస్తారని ఇంట్లో చెప్పాను. నా భార్య కాంతం మురిసిపోయింది.

“అయితే ఆ జపానోలూ మనలాంటోలే. నన్నోపాలి తీసుకెళ్లు, ఆ గుమ్మం నానూ సూస్తాను. అయినా తలుపుల్లేని గుమ్మమేటి?”

తీసుకెళ్తానన్నాను.

ఆ ద్వారం చూడకుండానే కాంతం పోయి ఏడాది కావస్తోంది. ఆమె చెప్పులు ఇంకా మా ఇంటి గుమ్మం దగ్గరే, లోపలికి వచ్చి విడిచినట్టే ఉన్నాయి. మొన్న వాటిని వీధివైపు తిప్పి పెట్టాను.