చనిపోయినవాడి మీద రాయమన్నారు

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, మే నెలలో, చల్లపల్లి వైపు ఒక విద్యుత్ సెక్షన్‌కు నన్ను లైన్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఎనిమిదో తరగతితో బడి మానేసి హెల్పర్‌గా చేరినవాణ్ణి. మిగతా చదువంతా నా అంతట నేను చదువుకున్నదే.

లైన్ మీద పనికి ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర లైన్‌క్లియర్ తీసుకోవాలి. ఆపరేటర్ సరఫరా ఆపి ఒక నంబరు ఇస్తాడు. పని ముగిశాక అదే లైన్‌మన్ అదే నంబరు చెప్పి అప్పగిస్తేనే మళ్లీ కరెంటు ఇవ్వాలి. మా వైపు రొయ్యల చెరువులెక్కువ. చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగితే రొయ్య చచ్చిపోతుందని రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. కొన్నాళ్లకు ఒక రోజు ఒక రైతు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, "పనైపోయిందండీ, మనుషులు దిగిపోయారు" అన్నాడు. ఆపరేటర్ సుందరరావు నంబరు అడక్కుండా కరెంటు ఇచ్చేశాడు. లైన్‌మన్ యాకోబు ఇంకా స్తంభం మీదే ఉన్నాడు.

మా పై ఇంజినీరు ఏఈ గారు సెలవులో ఉండడంతో మొదటి నివేదిక నా చేతికొచ్చింది. మా శాఖలో ఒక దిక్కుమాలిన అలవాటుంది: ప్రమాదమైతే తప్పు పోయినవాడి మీద రాసేస్తారు. "లైన్‌క్లియర్ లేకుండా ఎక్కెను" అన్న ఒక్క వాక్యంతో బతికున్నవాళ్లంతా బయటపడతారు. నేనూ బయటపడేవాణ్ణే. లైన్‌ను నేలకు కలిపే ఎర్త్ రాడ్లు విరిగిపోతే, కొత్తవి తెప్పించకుండా నాన్చింది నేను. అవి ఉంటే యాకోబు బతికేవాడు.

సమాధి చేసిన మర్నాడు సుందరరావును వెంటబెట్టుకుని పాస్టరు గారు వచ్చారు. మా అందరిదీ ఒకే చర్చి.

"అన్నా, యాకోబు ప్రభువు దగ్గరున్నాడు. కాగితం మీద ఏం రాస్తే ఆయనకేంటి? ఈయనకి ముగ్గురు పిల్లలు. ఒకడు మోస్తే మిగతావాళ్లు బతుకుతారు. ప్రభువు మన పాపాలు మోస్తేనే కదా మనకి రక్షణ!"

నాకు ఒళ్లు మండింది. "అయ్యగారూ, యాకోబు మోస్తానన్నాడా? మీరే అతని నెత్తికెత్తుతున్నారు. ప్రభువైతే ఇష్టపడే మోశాడంటారు, సరే. నా తప్పుకి మా తమ్ముడు ఇష్టపడి వస్తే మాత్రం, వాణ్ణి జైల్లో పెట్టి నన్ను వదిలేసే జడ్జిని న్యాయవంతుడంటామా? మరి దేవుణ్ణి ఎందుకంటున్నామండీ?"

"అంత మాట అనకండన్నా," అన్నారాయన.

ఆ సాయంత్రం యాకోబు భార్య మార్తమ్మ వచ్చింది. "బాబాయ్ గారూ, నంబరు తీసుకోకుండా ఆయన ఏనాడూ ఎక్కలేదు. అజాగ్రత్త మనిషని మాత్రం రాయకండి. ఇంకేం అడగను."

రిజిస్టరు తెప్పించాను. లైన్‌క్లియర్ నంబరు యాకోబు పేరు మీద ఉంది. తిరిగి అప్పగించినట్టు రాయాల్సిన గడి ఖాళీ. ఉన్నదున్నట్టు రాశాను. ఎర్త్ రాడ్ల సంగతి కూడా రాసి, బాధ్యుడిగా నా పేరు పెట్టాను. సుందరరావు సస్పెండయ్యాడు. నాకు ఛార్జిమెమో ఇచ్చి గన్నవరం వైపు బదిలీ చేశారు.

కొన్ని నెలలకు సుందరరావు ఎవరూ చెప్పకుండానే మార్తమ్మ ఇంటికి వెళ్లి, "నంబరు అడగలేదమ్మా, తప్పు నాదే" అన్నాడని తెలిసింది. ఆమె క్షమించానని అనలేదట. కూర్చోమందట.

నిర్దోషి రక్తం నా తప్పును కడుగుతుందన్న బోధ అప్పటినుంచి నాకు గొంతు దిగలేదు. ఆ మాట వచ్చే పాట ఎత్తుకుంటే చర్చిలో నోరు మూసుకుని నిలబడతాను. ఉద్యోగం నేర్పింది ఇది: చనిపోయినవాడి వాంగ్మూలం ఎవరూ తీసుకోలేరు కాబట్టి, బతికున్నవాళ్లు ఎవరి తప్పు వాళ్లు చెప్పుకోవాలి. ఆ తర్వాత నేను రాసిన ప్రతి ప్రమాద నివేదికలోనూ మొదటి వాంగ్మూలం నాదే.