చేపల పులుసులో నా మహా ఆవిష్కరణ

ఒక్క చేపల పులుసు వల్ల నా చదువు, నన్ను కన్నకొడుకులా చూసుకున్న ఆంటీ పరువు ఒకే పూట ఎలా మంటగలిశాయో చెబుతాను. నవ్వుకోండి, పర్వాలేదు. నేనూ ఈమధ్యే నవ్వడం నేర్చుకున్నాను.

అప్పుడు నేను సింగపూర్‌లో పరిశోధక విద్యార్థిని. ఆఫ్రికా మంచినీటి చేపల కడుపులో బతికే నులిపురుగులు నా అంశం. ముక్కు మూసుకున్నారా? నాకైతే ఆ పురుగులంటే ప్రాణం! కానీ ఎన్ని ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌లను కోసినా ఒక్కటీ దొరకలేదు. "సోమవారానికి ఒక్క పురుగైనా చూపించు, లేకపోతే అంశం మార్చేస్తాను" అన్నారు ప్రొఫెసర్.

ఆదివారం పొద్దున్న, పుంగ్గోల్‌లో నేను అద్దెకుంటున్న ఫ్లాట్ యజమానురాలు సుభద్ర ఆంటీ వంటింట్లో చేప కడుగుతూ కేకేశారు.

"బాబూ, ఓసారి ఇటు రా! ఇది చూద్దువుగాని."

"ప్లీజ్ ఆంటీ, పురుగుల గురించి సీరియస్‌గా చదువుకుంటున్నాను" అన్నాను, తలైనా ఎత్తకుండా. ఎంత మేధావినో చూశారుగా!

మధ్యాహ్నం సెరంగూన్ నుంచి ఆంటీ స్నేహితురాళ్లు ఇద్దరు భోజనానికి వచ్చారు. పులుసు ఘుమఘుమలాడుతోంది.

"ఏం చేప ఆంటీ?"

"ఆఫ్రికా మార్పు, బాబూ, నువ్వు కోసే క్యాట్‌ఫిష్షే. మలేసియా చెరువులోదంట, బతికున్నదే తెచ్చాను."

చెరువు చేప! అంటే పురుగులుండే అవకాశం ఎక్కువ. మొదటి ముద్ద కలిపానో లేదో, వేలికి సన్నటి గోధుమరంగు దారంలాంటిది తగిలింది. చివర్లు సన్నం, మధ్యలో మెలిక!

"దొరికింది! ఆంటీ, మీ పులుసులో పురుగు దొరికింది!" అంటూ గంతులేశాను.

అతిథులిద్దరూ కంచాలు నెట్టేశారు. ఒకావిడ సింకు దగ్గరికి పరుగెత్తింది.

"ఏంటి బాబూ ఆ మాటలు, వచ్చినవాళ్ల ముందు!" ఆంటీ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"ఏడవకండి ఆంటీ! కొత్త జాతిదైతే ఈ పురుగుకి మీ పేరే పెడతాను!"

నన్ను ఆ క్షణమే బయటికి గెంటాల్సింది. మంచావిడ, గెంటలేదు.

సోమవారం స్పిరిట్ సీసాలో నా పురుగుని పసిబిడ్డలా పట్టుకుని ట్రైన్ ఎక్కాను. ప్రొఫెసర్ మైక్రోస్కోప్‌లో చాలాసేపు చూశారు.

"నోరు లేదు, పేగు లేదు. ఇది పురుగు కాదు! మీ వాళ్లు చేపల కూరలో టామరిండ్ వేస్తారు కదా?"

చింతపండు పీచు! నేను ఇంకా తేరుకోకముందే ఆయన అడిగారు: "సరే, అసలు పురుగులుండేది పేగుల్లో. ఆ చేప పేగులేవి?"

వెంటనే ఆంటీకి ఫోన్ చేశాను.

"నిన్ననే చెత్త గొట్టంలో పడేశాను బాబూ. అందుకేగా నిన్ను పిలిచింది! పేగుల నిండా ఎర్రటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి, నీకు పనికొస్తాయేమోనని. నువ్వేమో పురుగుల గురించి చదువుకుంటున్నానంటివి."

ఇప్పుడు నాకూ డాక్టరేట్ ఉంది. పురుగుల మీద కాదు, నాచు మీద.

అందుచేత ఆంటీ పులుసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట వంటింట్లోంచి ఎవరు పిలిచినా, చేతిలో ఎంత గొప్ప పుస్తకమున్నా అక్కడే పడేసి పరుగెత్తుతాను. ఇక కంచంలో పీచు తగిలితే, నోరెత్తకుండా మింగేస్తాను.