కబ్రస్తాన్ పేర్లు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మా ఇంటామెకు కూడా చెప్పలేదు. మీకు చెప్తున్నానంటే, మీరు నన్ను ఎరుగరు కాబట్టే.

అప్పట్లో బాన్సువాడలో నాది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. ఖదీర్ చాచా టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. కబ్రస్తాన్‌లో పేరు లేని సమాధులు ఎవరెవరివో ముసలివాళ్లను అడిగి అడిగి, ఆరేళ్లపాటు తన పాత కంప్యూటర్లో ఎక్కించాడు. ఎక్కించాక కాగితాలు పారేశాడు. చెప్పినవాళ్లలో చాలామంది పోయారు.

ఆ కంప్యూటర్ మొరాయిస్తే కొత్తది కొన్నాడు. పాత డిస్క్ నా చేతిలో పెట్టి, "దీంట్ల ఉన్నయన్నీ కొత్తదాంట్ల వెయ్యి బేటా" అన్నాడు.

కొత్త విండోస్‌కు తగిలించి చూశాను. పేర్లు లేవు. ఒకే ఒక్క పెద్ద ఫైల్, ఎంత నొక్కినా తెరుచుకోదు. చెత్త అనుకున్నాను. తీసేసి, ఆ జాగాలో నా సినిమాలు నింపుకున్నాను. చాచాను ఒక్కమాట అడగాలని తోచలేదా? తోచింది. బద్ధకించాను.

రెండు రోజులకు, ఇదే పని చేసే నిజామాబాద్ దోస్త్‌తో ఆ ఫైల్ మాటెత్తితే ఫోన్లో అసలు సంగతి చెప్పాడు. వెనకట డిస్కులో చోటు చాలక, అన్నిటినీ కుదించి ఒక్క ఫైల్లో దాచేవాళ్లట. కొత్త విండోస్ దాన్ని చదవలేదు. పాత సిస్టంకు తగిలిస్తే అన్నీ కనిపించేవి.

"మీద సినిమాలు ఎక్కించినవ్ గదా, ఇగ రాదు" అన్నాడు.

తెల్లారి చాచా వచ్చాడు.

"ఏమైంది బేటా?"

"డిస్క్ ఖరాబైంది చాచా. ఏం మిగల్లే."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నాదే గల్తీ. కరెంటు పోయినప్పుడల్లా గట్లనే బందయితుండె. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు.

నన్నే ఓదార్చాడు. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? దుకాణం పేరు పోతుందని భయపడ్డానా, ఆయన నన్ను చూసే చూపు మారిపోతుందనా? ఇప్పటికీ తేల్చుకోలేను.

కొత్త కంప్యూటర్ బిగించడానికి వాళ్లింటికి వెళ్లినరోజు నస్రుల్లాబాద్ నుంచి ఒకామె వచ్చింది. ఆమె దవాఖానలో ఉండగానే మూడురోజుల బిడ్డ పోతే, ఇంటివాళ్లే ఇక్కడి కబ్రస్తాన్‌లో పూడ్చి వచ్చారట. ఆ జాగా చూపించమంది.

చాచా చేతులు జోడించాడు. "రాసిపెట్టిన లెక్కంతా నా నిర్లక్ష్యంతోటి పోయింది. మాఫ్ చెయ్యి బేటీ."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. నేను తల వంచుకుని వైర్లు బిగిస్తూనే ఉన్నాను.

చాచా తన తప్పనే నమ్మి పోయాడు. ఆమె పేరైనా నేను అడగలేదు. ఇక మాఫీ ఎవరిని అడగను?

చాచా, డిస్క్ ఖరాబు కాలే. నేనే తీసేసిన.

ఈ రెండు మాటలు రాయడానికి మూడుసార్లు పెన్ను కింద పెట్టాను. రాశాను.