హారతికి సిద్ధమైన ఫిరంగి గుండు

2024 అక్టోబరు 12, దసరా, ఉదయం 9.40. భద్రాచలం అడవి అంచున మా అన్న ఇంట్లో ఆయుధపూజ. పాత సైనిక వస్తువులు సేకరించే అన్న కొడవలి, గొడ్డళ్ల పక్కన పేలని ఫిరంగి గుండును నిలబెట్టి, పసుపు రాసి, దాని ముందే కర్పూరం వెలిగించబోయాడు. చేయి పట్టుకుని ఆపాను.

"తుప్పుముద్ద తమ్మీ, ఇదేం పేలుతది?"

"తుప్పు పట్టింది ఇనుముకే, లోపలి మందుకు గాదన్నా! అందరినీ బయటికి పంపు!"

"గిదానికి కుంకుమ గూడ నాతోనే పెట్టించిండు," అంటూ వదిన బయటికి నడిచింది.

పోలీసులకు ఫోన్ చేశాను. బాంబు నిపుణులు దానిని చేను అవతలికి తీసుకెళ్లి పేల్చేసరికి ఇల్లంతా అదిరింది.

"మంచి పీసు పాయె," అన్నాడు అన్న. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఉన్న ఆరుగురి ప్రాణాలకంటే అలంకరణ ముఖ్యమా?

పోయినవి: రెండు కిటికీ అద్దాలు, ఒక గుండు. దక్కినవి: ఆరు ప్రాణాలు. అన్నకు బుద్ధి వచ్చినట్టు మాత్రం నా డైరీలో ఇంకా రాయలేదు.