కూర్చోబెట్టిన కోడలు

బ్లియా నాకు తోడికోడలు, మరిది చెంగ్ భార్య. అమెరికాలోని ఫ్రెస్నోలో, లావోస్ కొండల నుంచి వచ్చిపడ్డ మా హ్మాంగ్ ఇళ్ళల్లో పెళ్ళైనా చావైనా వందల మందికి వండాలి, ఆ వంటంతా కోడళ్ళదే. బ్లియా కత్తి పట్టిందంటే చూడాలి, నా తల్లే! నేను ఒక్క కోడిని కోసేలోపు తన వాటా పంది మాంసం తరిగేసి, నా వాటాలో చెయ్యి పెట్టేది.

అలాంటి మనిషికి ముగ్గురు పిల్లలు పుట్టాక చదువు పిచ్చి పట్టింది. ఊళ్ళో ఉన్న రెండేళ్ళ కాలేజీలో చేరి, అక్కణ్ణించి యూనివర్సిటీకి మారి నర్సు అవుతుందట. రెండేళ్ళన్నది పేరుకే, తనకి ఐదేళ్ళు పట్టింది. పొద్దున చేలో నిమ్మగడ్డి కోత, సాయంత్రం క్లాసు. ఒకసారి లెక్కలు పాసయ్యానని గంతులేస్తూ వచ్చింది. తీరా ఆ లెక్కలు యూనివర్సిటీలో చెల్లవన్నారు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. తను మాత్రం వేరే లెక్కలు మళ్ళీ మొదలుపెట్టింది.

చివరికి యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఇక కెమిస్ట్రీ ఒక్కటి గట్టెక్కితే చాలు. కానీ ప్రయోగాల క్లాసు అప్పటికే రెండుసార్లు పోగొట్టుకుంది. రెండూ మా చుట్టాల చావుల వల్లే. మూడోసారి రాకపోతే పేరు కొట్టేస్తానన్నాడు మాస్టారు. పేరు పోతే సీటూ పోతుంది.

సరిగ్గా అప్పుడే మా మామగారి అన్నగారు పోయారు. మా ఊళ్ళో అంత్యక్రియలకు హాలు దొరకాలంటే వారాలు ఆగాలి. ఆగి ఆగి మా వంతు వచ్చింది. శుక్రవారం మొదలుపెట్టి, సోమవారం పొద్దున పూడ్చిపెట్టాలి. బ్లియా ఆఖరి ప్రయోగమూ ఆ సోమవారం పొద్దున్నే.

"మాస్టార్ని అడగవే," అన్నాను.

"అడిగానక్కా. మీ ఇంట్లో ఇంకా ఎంతమంది పోవాలమ్మా, అన్నాడు."

"వాడి నోట్లో మన్ను పడ! పోనీ అత్తగారిని అడుగు."

అడిగింది. అత్తగారు బియ్యం కడుగుతూ తలెత్తలేదు. "నీ పెళ్ళి మాటలకి మీ పుట్టింటికి వచ్చింది ఆయనేగా? ఆ రోజు నాకు పనుందని ఇంట్లో కూర్చున్నాడా?" అన్నారు.

హాల్లో డోలు, బూర ఆగలేదు. వెనక పొయ్యిల దగ్గర బ్లియా నడుం వాల్చలేదు. నా పని కూడా లాక్కుని చేసేసింది.

"ఇంత చేశాను కదక్కా, రేపు రెండు గంటలు వదిలేస్తారులే," అంది ఆదివారం సాయంత్రం.

"నీ పిచ్చి గానీ, చేసినదాన్ని ఎవరు చూస్తారే! లేనిదాన్నే చూస్తారు," అన్నాను.

సోమవారం వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది, ఒంటి నిండా మాంసం వాసనతోనే. శవపేటికని గోతిలోకి దింపే వేళకి అత్తగారు అటూ ఇటూ చూశారు. "చిన్నకోడలేది?"

"వాంతులవుతున్నాయి అత్తయ్యా, కారులో పడుకుంది," అన్నాను.

"క్లాసుకెళ్ళిందమ్మా," అన్నాడు చెంగ్. వెర్రిబాగులోడు! వాణ్ణి అక్కడే ఆ గోతిలోకి తోసేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

బ్లియా పాసైంది. సీటు నిలిచింది. ఇంట్లో ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

ఆగస్టులో మా ఇంట్లో అత్తగారి మనవడికి, ప్రాణం ఒంటిని వదిలిపోకుండా చేతికి దారాలు కట్టే పండగ. బ్లియా తన కత్తి తనే తెచ్చుకుని వంటింట్లోకి వచ్చింది. అత్తగారు ఆ కత్తి మెల్లగా అందుకుని పక్కన పెట్టారు.

"వద్దమ్మా, మీరు చదువుకునేవాళ్ళు. వెళ్ళి కూర్చోండి."

'ఏయ్' అని తప్ప పిలవని మనిషి! తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చుట్టాల మధ్య సోఫాలో కూర్చోబెట్టి, చల్లని డ్రింకు డబ్బా చేతికిచ్చారు. నన్నెవరైనా అలా కూర్చోమంటే ఈ జన్మకి లేవను. బ్లియా మాత్రం ఆ డబ్బా మూత కూడా తియ్యలేదు. కాసేపటికి నా పక్కకి వచ్చి నిలబడింది.

"ఒక్క ఉల్లికాడల కట్టైనా ఇయ్యక్కా, తరిగి పెడతాను."

నాకు దుఃఖం ఆగలేదు. ఓ కట్ట తీసి తన చేతిలో పెట్టాను. అత్తగారు వచ్చి, నవ్వుతూ, ఆ కట్ట తీసుకుని నా ముందు పెట్టి వెళ్ళిపోయారు.